బుచ్చవ్వ లేదట

బానిసత్వం నుంచి బయటపడే దారులు లోకంలో ఎన్ని ఉన్నాయో పండితులు తేల్చాల్సిందే గానీ, బోథ్ ఊళ్లో మాత్రం ఒక్కటే ఉంది. దాని పేరు లినక్స్. ఆ మతానికి ప్రవక్త, ప్రచారకుడు, ఏకైక విశ్వాసి జోయల్.

జోయల్ డిగ్రీ చదివాడు. ఖాళీగా లేడు, కంప్యూటర్లో ఆడుకునే ఆట తయారు చేస్తున్నాడు (ఈ రెండింటికీ తేడా వాడకట్టుకు ఇంకా అర్థం కావాల్సి ఉంది). ఆటలో మక్కచేను మీద అడవిపందులు పడతాయి. మంచె మీద ఒకావిడ వడిసెల తిప్పి రాళ్లతో వాటిని తరుముతుంది. ఆవిడ అతని తల్లి బుచ్చవ్వ. చీర, నడుముకు చెక్కిన కొంగు, తిట్లు, అన్నీ అసలు మనిషివే.

ఆటను భైంసాలో దోస్తు ఫయాజ్ మొబైల్ దుకాణంలో, విండోస్ కంప్యూటర్ మీద తయారు చేశాడు. అక్కడ అది బుద్ధిగా నడిచింది. బుద్ధిగా నడిచేదాన్ని అలాగే ఉండనిస్తే మనిషి ఎదగడు కనక, జోయల్ తన పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను తుడిచేసి, దాని బదులు ఏ కంపెనీ సొత్తూ కాని లినక్స్ ఎక్కించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆదివారం చర్చిలో, మారిన తమ బతుకుల గురించి సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాడు.

"ఏండ్లసంది విండోస్‌కు బానిసనై ఉంటి. ఇడిసిపెట్టిన. ఇగ జన్మల ముట్ట."

సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. (అదేదో కొత్త రకం మందు అనుకున్నారని తర్వాత తెలిసింది.) ఒకప్పుడు తాగి మానేసిన సంఘపెద్ద తిమోతి కళ్లు తుడుచుకుని, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక తెర కట్టి ఆ పిల్లగాని ఆటను అందరికీ చూపించాలని అక్కడికక్కడే ప్రకటించాడు. బుచ్చవ్వ ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది: "నన్ను తెర మీద సూపెడ్తరట, అందరు రాండ్రి."

శనివారం పొద్దున జోయల్ లినక్స్‌లో ఆట తెరిచాడు. చేను వచ్చింది. పందులు వచ్చాయి. మంచె ఖాళీ. కింద ఎర్రటి అక్షరాల్లో ఏదో ఇంగ్లిషు.

"నేనేది కొడుకా?" వెనక నిలబడ్డ బుచ్చవ్వ అడిగింది.

"వస్తవు అవ్వా. జర ఆగు."

ఆగేలోపు పందులు చేనంతా మేశాయి.

చదువుకున్నవాడు ఎర్రర్‌ను చదవడు, కాపీ చేస్తాడు. జోయల్ దాన్ని తీసుకెళ్లి ఇంటర్నెట్‌లో సదా కొలువుండే అఖిల ప్రపంచ లినక్స్ పెద్దమనుషుల పంచాయతీ ముందు పెట్టాడు. ఆ పంచాయతీ నియమం ప్రకారం ప్రశ్న అడిగినవాడే ముద్దాయి. ఒక పెద్దమనిషి, తెర మీద బొమ్మలు చూపించే నీ గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చు అన్నాడు. ఇంకొకాయన, ఆ డ్రైవర్ వాడేవాడికి సిగ్గూ శరం ఉండవన్నాడు. మూడో ఆయన, నువ్వు వేసుకున్నది అసలు లినక్సే కాదన్నాడు. తర్వాత వాళ్లలో వాళ్లే జుట్లు పట్టుకున్నారు. జోయల్ మాత్రం అందరి మాటా మన్నించాడు. మొదటి డ్రైవర్‌తో ఆకాశం పచ్చబడింది. రెండోదానితో శబ్దం పోయి పందులు మర్యాదగా, చప్పుడు లేకుండా మేశాయి. చివరికి లినక్స్‌నే తీసేసి మళ్లీ మొదటినుంచీ వేశాడు. అంతా కొత్తది. మంచె మాత్రం ఖాళీ.

ఫయాజ్‌కు ఫోన్ కొట్టాడు.

"అరే భాయ్, నా దాంట్ల మీ అవ్వ మస్తు రాళ్లు ఇసురుతుంది. గిదే తీస్కపోయి సూపెట్టు."

"విండోస్ పట్టుకోని చర్చిల అడుగువెట్టాల్నా? మళ్ల మొదలువెట్టిండు అంటరు."

"అంత ఫికర్ అయితే పేపర్ల సుట్టి తీస్కపో."

"పేపర్ల సుడితె ఇంకింత అనుమానం వస్తది ర భయ్!"

బుచ్చవ్వ అప్పటికే పండుగ చీర మడత విప్పి పెట్టుకుంది. కొడుకు పక్కన కూర్చుంది.

"ఏమంటుంది ర గది?"

"నువ్వు లేవంటుంది అవ్వా."

"ఎట్ల లేను? దాని ముంగట్నే కూసున్న గద!" అంటూ, సరిగ్గా కనబడాలని తెరకు దగ్గరగా మొహం పెట్టింది.

తల్లికి అర్థం చెప్పాల్సి వచ్చి, జోయల్ ఆ ఎర్ర అక్షరాలను మొట్టమొదటిసారి చదివాడు. పొద్దున్నుంచీ అది ఒకటే మాట చెబుతోంది: ఇంగ్లిషు చిన్న 'బీ'తో మొదలయ్యే బుచ్చవ్వ అనే ఫైలు లేదు. ఆమె బొమ్మ ఉన్న ఫైలుకు జోయల్ పెట్టిన పేరు పెద్ద 'బీ'తో ఉంది, తల్లి కదా అని. ఆట నడిపే కోడ్‌లో రాసింది చిన్న 'బీ'తో, వేలికి బద్ధకమై. విండోస్ మన ఊరి మనిషి లాంటిది. బుచ్చవ్వ అన్నా, బుచ్చమ్మ అన్నా, బుచ్చక్క అన్నా ఆ ఇంటికే దారి చూపిస్తుంది. లినక్స్‌కు ఆ మొహమాటం లేదు. పెద్ద 'బీ' బుచ్చవ్వకూ చిన్న 'బీ' బుచ్చవ్వకూ దాని లెక్కలో బంధుత్వమే లేదు. (తెలుగు అక్షరాలు అన్నీ ఒక్క ఎత్తువే కనక, ఈ హెచ్చుతగ్గులు అతని బుర్రకు తట్టలేదు.)

"నీ పేరు ఒక తాన పెద్దక్షరం తోని ఉంది, ఒక తాన చిన్నదాని తోని ఉంది అవ్వా. రెండు ఒక్క తీరుగ ఉండాలె."

"అయితే పెద్దదే పెట్టు. నీ తల్లిని గద."

జోయల్ చూసుకున్నాడు. పేరు పెద్దది చేయాలంటే కోడ్‌లో ఆమె నిలబడ్డ చోటల్లా, రాయి విసిరిన చోటల్లా, తిట్టిన చోటల్లా దిద్దాలి. చిన్నది చేయాలంటే బొమ్మ పేరు ఒక్కచోట దిద్దితే చాలు. వేలికి మళ్లీ బద్ధకమైంది.

ఆదివారం తెర మీద బుచ్చవ్వ మంచె ఎక్కింది. వడిసెల తిరిగింది, పందులు పరుగు తీశాయి, సంఘమంతా చప్పట్లు కొట్టింది. "మందు ఇడిస్తె మనిషి ఎట్ల బాగుపడ్తడో సూసిండ్రా?" అన్నాడు తిమోతి.

బుచ్చవ్వ కొడుకు చెవి దగ్గరకు వంగింది. "పెద్దదే పెట్టినవా?"

"పెట్టిన అవ్వా."

ఏ ఎర్రరూ రాలేదు.