రుబ్బిన ఇంజిన్ ఆయిల్

అమీర్‌పేట మొత్తానికి కోపమంటే ఏమిటో తెలియని మనిషి ఒకే ఒక్కడు ఉండేవాడు. ఆయన పేరు హనుమత్ప్రసాద్. నెత్తిన నిప్పులు పోస్తే "కాస్త వెచ్చగా ఉందండీ" అనే రకం. సిటీ బస్సు కాలు తొక్కితే బస్సునే క్షమాపణ అడిగి పక్కకు తప్పుకునేవాడు. భూదేవికి ఓర్పు తక్కువైనప్పుడల్లా ఆయన దగ్గర చేబదులు తీసుకునేదంటే ఆ సందులో నమ్మనివాళ్లు లేరు.

ఆయన అమ్మేది చిక్కదనం. నవ్వకండి, చిక్కదనాన్ని అమ్మేవాళ్లూ ఉంటారు. ఇంజిన్ ఆయిల్ చల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ఇంజిన్ వేడెక్కిందా, చారులా పలచబడిపోతుంది. అప్పుడు ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇంజిన్ కాస్తా పాత సామాన్ల బండి ఎక్కుతుంది. అలా కాకుండా అందులో ఒక రకం పాలిమర్ కలుపుతారు. చూడటానికి అది రబ్బరు దిమ్మ. ముక్కలు కోసి కాగే నూనెలో కరగబెడితే తేనెపాకంలా అవుతుంది. దాన్ని ఇంజిన్ ఆయిల్‌లో కొంచెం కలిపితే చాలు, ఎంత కాగినా నూనె తన చిక్కదనం వదులుకోదు. "కంటికి కనబడని పొడుగాటి దారాలండీ అవి. చల్లగా ఉంటే ఉండ చుట్టుకుని పడుకుంటాయి. వేడి తగలగానే ఒళ్లు విరుచుకుని నూనెని పట్టుకుంటాయి" అని హనుమత్ప్రసాద్ అందరికీ చెప్పేవాడు. పెళ్లి భోజనాల్లోనూ చెప్పేవాడు. అందుకే పంక్తిలో ఆయన పక్క విస్తరి ఎప్పుడూ ఖాళీగా ఉండేది.

ఆయన ఖర్మ ఏమిటంటే అవి కంప్యూటర్ల రోజులు. మైత్రీవనం చుట్టుపక్కల ప్రతి మేడ మీదా జావా, ప్రతి మెట్ల కిందా ఒరాకిల్. ఇస్త్రీ బండివాడు కూడా బట్టలిచ్చేటప్పుడు "ఏ కోర్సు సార్?" అని అడిగేవాడు. ఆ వెనక సందులో రాజనర్సు గారి మేడ మీది వాటాలో హనుమత్ప్రసాద్ సంసారం, ముందుగదిలో ఆయన వ్యాపారం. ఆ ముందుగది మీద భార్య హైమవతి తమ్ముడు రఘురామ్ కన్నుపడింది. కంప్యూటర్లు పెట్టి కోచింగ్ సెంటర్ తెరవాలని వాడి ఆశ.

మంగళవారం పొద్దున్న కాఫీ ఇస్తూ హైమవతి తేల్చి చెప్పింది. "ఇదే ఆఖరు శాంపిల్. చర్లపల్లి ఆయిల్ కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారా, సరే. లేదంటే గది మా తమ్ముడికి ఇచ్చేయాలి. వాడేం మిమ్మల్ని గాలికొదిలేయడు లెండి. గుమ్మం దగ్గర కుర్చీ వేయిస్తానన్నాడు."

"ఆ కుర్చీలో కూర్చుని నేనేం చెయ్యాలి?"

"వచ్చేపోయేవాళ్లకి కరపత్రాలు పంచాలి."

హనుమత్ప్రసాద్ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇరవై ఏళ్లుగా నూనెల్లో మునిగి తేలినవాడు చివరికి కరపత్రాల దగ్గర తేలడమా అనుకున్నాడు. అయినా ధైర్యం చెప్పుకున్నాడు. నిన్నంతా కూర్చుని కరగబెట్టిన పాకం స్టీలు డబ్బాలో సిద్ధంగా ఉంది. చర్లపల్లి కంపెనీలో పరీక్షలు చూసే అరుణాదేవి మధ్యాహ్నం తానే వచ్చి శాంపిల్ తీసుకెళతానంది. ఇక కావలసిందల్లా శుభ్రమైన గాజు సీసాలు. అవి పంజాగుట్టలో దొరుకుతాయి. వెళ్లి వచ్చేస్తే సరి.

వెళ్తూ వెళ్తూ గది తాళంచెవి, కింది వాటాలో ఉండే ఇంటి ఓనర్ రాజనర్సు చేతిలో పెట్టాడు. "బల్ల మీద డబ్బా ఉందండీ. కాస్త కనిపెట్టి ఉండండి. ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు."

"ఫికర్ చేయకు సారూ. నా పానం లెక్క చూసుకుంట" అన్నాడు రాజనర్సు.

కొంప మునిగింది అక్కడే. రాజనర్సు దేన్నయినా సొంత ప్రాణంలా చూసుకోవడం మొదలుపెడితే దాన్ని బాగుచేయకుండా వదిలిపెట్టడు. సిరిసిల్లలో మగ్గం ఇంట్లో పుట్టినవాడు. నూలుకు గంజి పెట్టే ఇంట్లో ఒకటే నీతి. గంజి తీగ సాగిందా, పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని పడుగు నాశనం. తీగ సాగే గంజి కాచిన కోడలిని అత్త, కొడుకుని తండ్రి, ఊరుకున్నందుకు ఇద్దరినీ తాత తిట్టేవాళ్లు. హైదరాబాదు వచ్చి మేడ కట్టినా ఆయన చేతివేళ్లు మాత్రం ఇంకా సిరిసిల్లలోనే ఉన్నాయి.

ఆయన డబ్బా మూత తీశాడు, చూడాలిగా మరి. వేలు ముంచి పైకెత్తాడు. తీగ సాగింది. చెయ్యి ఇంకా ఎత్తాడు. ఇంకా సాగింది. స్టూలెక్కి ఎత్తాడు. తెగలేదు.

"అరెరె, గీ సారు కాచిన గంజి సూడు. గా మేడమ్ వచ్చి చూస్తే ఇజ్జత్ పోతది" అని జాలిపడ్డాడు. తలుపు వేయడం కూడా మరిచి, డబ్బా చంకన పెట్టుకుని కిందికి దిగాడు.

కింద ఆయన భార్య మణెమ్మ కోచింగ్ పిల్లలకు మెస్ నడుపుతుంది. ఆమె గ్రైండర్ పెళ్లివంటలకు సరిపోయేంత పెద్దది. రాజనర్సు పాకమంతా అందులో పోసి మీట నొక్కాడు.

కాసేపు రాళ్లు మూలిగాయి. తర్వాత చూస్తే పాకం అంచులకు పోవడానికి బదులు నడిమి కడ్డీని కావలించుకుని పైకి పాకడం మొదలుపెట్టింది. తాటిచెట్టు ఎక్కే మనిషిలా పట్టుబట్టి ఎక్కుతోంది. రాజనర్సు చేత్తో కిందికి తోశాడు. అది ఆయన ముంజేయి కూడా ఎక్కింది.

మణెమ్మ పెసలు నానబెట్టిన గిన్నెతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏందయ్యా గిది?"

"గంజి. ప్రసాద్ సారుది. జర తీగ తెంపుతున్న."

"గంజి కడ్డీలెక్కుతదా? దించు దాన్ని. పోరగాళ్లకు పెసరట్లు పొయ్యాలె."

"ఎట్ల దించాలె?"

"ఎక్కించినోనివి నువ్వే. నన్నడుగుతవేంది?"

ఆపితే కడ్డీకే గడ్డకట్టుకుపోతుందేమోనని ఆయనకు భయం. ఆపకపోతే చూరు దాకా ఎక్కుతుందేమోనని ఆవిడకు భయం. చివరికి అది దిగేదాకా తిప్పడమే అని జిద్దుకు కూర్చున్నారు. గ్రైండర్ తిరిగింది. పొద్దు కూడా దానితోపాటే తిరిగింది. రాళ్ల మధ్య నలిగి నలిగి ఆ పొడుగాటి దారాలు ముక్కలు ముక్కలయ్యాయి. పాకం మెల్లగా కడ్డీ దిగి, బుద్ధిమంతుడిలా అడుగున కూర్చుంది. రాజనర్సు వేలు ముంచి ఎత్తాడు. చుక్క టప్పున రాలింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రి బతికుంటే చూసేవాడు కదా అని.

అవతల హనుమత్ప్రసాద్ సీసాలు ఒళ్లో పెట్టుకుని పంజాగుట్ట చౌరస్తాలో ఆటోలో ఇరుక్కుపోయాడు. ఆటో నడిపే ఓదెలు ఇంజిన్ ఆపేసి, సీటు కింద నుంచి జావా పుస్తకం తీసి చదువుకోసాగాడు.

"బాబూ, దారి వదిలారేమో చూడు."

"ఇంక వదల్లే సార్. మీరు ఏ టెక్నాలజీ?"

"నూనె."

ఓదెలు పుస్తకంలో వేలు పెట్టి ఆలోచించాడు. "అది కొత్తగ వచ్చిందా సార్? మాకింక చెప్పలే."

ఎలాగో ఇల్లు చేరేసరికి ముందుగది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల రఘురామ్ టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నాడు. బల్ల మీద డబ్బా లేదు.

"డబ్బా ఏదిరా?"

"ఏ డబ్బా బావా?"

"నా బతుకు పోసి పెట్టిన డబ్బా."

"నేను చూళ్లేదు బావా. ఈ గోడకి ఆరు కంప్యూటర్లు పడతాయి, కాస్త ఈ కొస పట్టుకుంటావా?"

కోపం తెలియని మనిషని మొదట్లో చెప్పిన మాట ఇక్కడితో కొట్టేసుకోండి. హనుమత్ప్రసాద్ వేసిన కేకకు శ్రీనగర్ కాలనీలో కాకులు ఎగిరిపోయాయి. టేపు లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. "నా డబ్బా దాచేసి నా గది కొలుస్తావురా, దొంగ వెధవా" అన్నాడు. హైమవతి గరిటెతో పరుగెత్తుకొచ్చి, "మా తమ్ముణ్ణి దొంగంటారా? వాడు బీటెక్ ఫస్ట్ క్లాసు" అంది. ఫస్ట్ క్లాసు దొంగలు ఉండకూడదని ఎక్కడుందో చెప్పమన్నాడు ఆయన.

ఆ వేడిలో రాజనర్సు డబ్బాను రెండు చేతులా పట్టుకుని, గుళ్లో ప్రసాదం తెచ్చినట్టు తెచ్చాడు. "చూడు సారూ. తీగ ఒక్కటి లేదు. మస్తు మెత్తగ రుబ్బినం."

హనుమత్ప్రసాద్ గరిటె లాక్కుని ముంచాడు. తేనెపాకం కాస్తా పల్చటి పులుసు అయింది. కుర్చీలో కూలబడ్డాడు. "రాజనర్సు గారూ, తీగ సాగడమేనండీ దాని ప్రాణం. నేను అమ్మేదే ఆ తీగ."

"తీగ సాగితే అంటుకుంటది కద సారూ?"

"అంటుకోవాలండీ, బాబూ, అంటుకోవాలి."

మళ్లీ కరగబెట్టే వ్యవధి లేదు, రబ్బరు దిమ్మ కూడా అయిపోయింది. ఇంతలో మెట్ల మీద గోల. మణెమ్మ గ్రైండర్‌ను గుడ్డతో తుడిచి, కడ్డీ పైకొసకు నలగకుండా అంటుకున్న పాకం చూసుకోకుండా పెసలు రుబ్బేసింది. పెసరట్లు వేసింది. మొదటి కుర్రాడు ముక్క తుంచబోతే అట్టు మూర దాకా సాగి, వదిలేస్తే ఫట్టున వెనక్కి వచ్చి పళ్లేన్ని కొట్టింది. ఎవరూ నోట పెట్టలేదు. పళ్లేలు పట్టుకుని ఓనర్ కోసం మేడ మీదికి వచ్చి వరసలో నిలబడ్డారు.

అమీర్‌పేటలో ఒక ఆచారం ఉంది. మెట్ల మీద వరస కనబడితే కొత్త కోర్సు మొదలైందని లెక్క. కారణం అడగరు, ముందు నిలబడతారు. చూస్తుండగానే వరస మేడ దిగి, సందు దాటి రోడ్డెక్కింది. ముందువాళ్ల చేతుల్లో పెసరట్లు, వెనకవాళ్ల చేతుల్లో ఫోటోలు, సర్టిఫికెట్లు.

"ఏ కోర్సు సార్?" అని ఒక కుర్రాడు లోపలికి తొంగిచూశాడు.

"పాలిమర్" అని అరిచాడు హనుమత్ప్రసాద్, పళ్లు పటపట కొరుకుతూ.

"దానికి బయట డిమాండ్ ఉందా సార్?"

"ఉండుంటే నాకీ గతి పట్టేదా?"

కుర్రాడు వెనక్కి తిరిగి, పాలిమర్ అట అని చెప్పాడు. వరస ఇంకా పెరిగింది.

ఆ వరసలోంచి దారి చేసుకుంటూ అరుణాదేవి వచ్చింది. లైన్లో రమ్మని నలుగురు గదమాయించారట. ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి గరిటె ముంచి ఎత్తింది. పులుసు జారింది. హనుమత్ప్రసాద్ వైపు చూసింది.

"మీరు చెప్పినదానికన్నా పల్చగా ఉందేంటండీ?"

నిజం చెప్పాలంటే గ్రైండర్ దగ్గర మొదలుపెట్టాలి. ఆయన తెచ్చిన సీసాలు తుడవసాగాడు. రాజనర్సు అందుకున్నాడు. "మేమే రుబ్బినం మేడమ్. చేతికి అస్సలు అంటుకోదు."

అరుణాదేవి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సీసాలు నింపించుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే హైమవతి గది తాళం తమ్ముడికిచ్చింది. పాలిమర్ కోసం వచ్చిన వరసను రఘురామ్ జావా వైపు మళ్లించాడు. మర్నాటికి గుమ్మం మీద సగం రంగువేసిన బోర్డు వచ్చింది. గుమ్మం పక్కన కుర్చీ వచ్చింది. మూడోనాటికి ఆ కుర్చీలో హనుమత్ప్రసాద్, ఒళ్లో కరపత్రాల కట్ట. రాజనర్సు రోజూ వచ్చి, "ఏమన్న అను సారూ, గంజి మాత్రం మంచిగ కుదిరింది" అనేవాడు. హనుమత్ప్రసాద్ ఆయన చేతిలో ఒక కరపత్రం పెట్టేవాడు.

తర్వాతి వారం ఫోన్ మోగింది. అరుణాదేవి.

"ప్రసాద్ గారూ, మా దగ్గరో పరీక్ష ఉంటుంది. సన్నటి రంధ్రంలోంచి నూనెని గట్టిగా తోస్తాం, మళ్లీ మళ్లీ. ఇంజిన్ ఏళ్ల తరబడి పెట్టే బాధంతా ఒక్కపూటలో పెట్టేస్తాం. అందరి శాంపిళ్లూ చిక్కగా లోపలికెళ్లి నీళ్లలా బయటికొచ్చాయి. మీదొక్కటే ఎలా వెళ్లిందో అలా వచ్చింది."

హనుమత్ప్రసాద్ ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు. విరగాల్సిన దారాలన్నీ మణెమ్మ గ్రైండర్‌లోనే విరిగిపోయాయి. ఇక విరగడానికి ఏమీ మిగల్లేదు. చచ్చినవాణ్ణి ఎవరు చంపగలరు?

"కాకపోతే మీది రెట్టింపు కలపాల్సొస్తుంది. అంచేత ఆర్డరూ రెట్టింపు పెడుతున్నాం. మిగతావన్నీ మాకు వద్దు. ఇంతకీ ఏ పద్ధతిలో చేశారండీ?"

హనుమత్ప్రసాద్ గుమ్మంలోంచి కిందికి చూశాడు. రాజనర్సు గ్రైండర్ కడుగుతూ చెయ్యి ఊపాడు.

"అది మా కంపెనీ రహస్యమండీ" అన్నాడు.

కంప్యూటర్లు వచ్చిన లారీలోనే తిరిగి వెళ్లిపోయాయి. రబ్బరు దిమ్మలు వచ్చాయి. రాజనర్సు తీగ చూసే పెద్దమనిషి అయ్యాడు. వేలు ముంచి ఆయన "ఊ" అనేదాకా సీసాకు మూత పడేది కాదు. మగ్గం నేసినవాళ్లకు తప్ప ఈ విద్య అబ్బదని ఆయన రోజూ చెప్పేవాడు, హనుమత్ప్రసాద్ రోజూ వినాల్సి వచ్చేది. కోచింగ్ సెంటర్ ప్రారంభానికి కొన్న టై కట్టుకుని రఘురామ్ మీటలు నొక్కేవాడు. ముందుగదిలో పొద్దస్తమానం నాలుగు గ్రైండర్లు గరగరా తిరుగుతుండేవి.

ఇందులో కల్పన ఏదైనా ఉందంటే ఆ నాలుగో గ్రైండరే. తిరిగినవి మూడే, నాలుగోది హైమవతి తన వంటింట్లో పెట్టేసుకుంది, తిరిగి ఇమ్మని అడిగే ధైర్యం ఎవరికీ చాలలేదు.