సముద్రం లేని శాఖకు యువ సారథి

"ఈ క్షణం నుంచి మన పరిషత్తులో పెద్దలకు పదవులు లేవు" అని సముద్ర ఇంజనీర్ల పరిషత్తు దిల్‌సుఖ్‌నగర్ శాఖ అధ్యక్షులు సాంబమూర్తిగారు ప్రకటించారు. "పగ్గాలిక యువతవే. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇంజనీర్లు మనల్ని నడిపించాలి, మనం నడవాలి."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కింది అంతస్తులో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్న కుర్రాళ్లు ఏం కూలిందోనని మెట్లెక్కి వచ్చి చూసిపోయారు. చప్పట్లు కొట్టినవాళ్లంతా రిటైరైన పెద్దలే. తమ పదవులు పోతున్నందుకు ఇంతగా సంతోషించే పెద్దలు మరే సంఘంలోనూ ఉండరు. సముద్రానికి ఇంత దూరంలో సముద్ర ఇంజనీర్ల శాఖ ఏమిటని కొందరు అజ్ఞానులు అడుగుతుంటారు. పక్కనే సముద్రం ఉంటే ఎవరైనా పెడతారు. సభ్యుల్లో చాలామంది మంచినీటి ట్యాంకులూ మురుగు కాలువలూ కట్టి రిటైరయ్యారు. ఆ నీళ్లన్నీ చివరికి చేరేది సముద్రంలోకే గనుక వారి అర్హత మీద ఎవరికీ అనుమానం రాలేదు.

వెనక వరసలో కూర్చున్న జాస్మిన్ మాత్రం నిజంగానే ఓషన్ ఇంజనీరింగ్ చదివింది. ఎం.టెక్ పట్టాతో వచ్చి ఎల్బీనగర్‌లో ఒక కన్సల్టెన్సీలో చేరి అపార్ట్‌మెంట్లకు సంపులూ, విల్లాలకు ఈతకొలనులూ డిజైన్ చేస్తోంది. మీర్‌పేట్‌లో వాళ్లమ్మ బాలమ్మ, చర్చికి వచ్చినవాళ్లందరికీ "మా బిడ్డ సముద్రం ఇంజనీరు" అని చెప్పుకుంటుంది. ఏ సముద్రం దగ్గర అని అడిగితే "ఎల్బీనగర్ల" అంటుంది. అమ్మ అలా అన్నప్పుడల్లా జాస్మిన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి.

కోస్తాలో కొత్తగా కడుతున్న ఒక ఓడరేవులో అలలు కొలవడానికి ఒక యువ ఇంజనీరు కావాలని ఈమధ్యే ప్రకటన పడింది. చదువుండాలన్నారు, అది ఉంది. చేతిపని తెలిసుండాలన్నారు. నీళ్లలో తేలుతూ అలల ఎత్తు చెప్పే డబ్బా ఒకటి, దాన్ని బోయా అంటారు, జాస్మిన్ సెలవుల్లో సొంతంగా తయారుచేసి పెట్టుకుంది. ఏదైనా వృత్తి సంఘానికి నాయకత్వం వహించి ఉండాలని కూడా అన్నారు. అదొక్కటే తక్కువ. అది సంపాదించుకుందామనే ఈ సభకు వచ్చింది.

"ఎవరమ్మా ముందుకొచ్చేది?" అని సాంబమూర్తిగారు హాలంతా కలయజూశారు. జుట్టుకు రంగు వెయ్యనక్కర్లేని మనిషి ఆ హాల్లో జాస్మిన్ ఒక్కతే. అందుచేత పోటీ లేకుండా ఆమె యువ సారథిగా ఎన్నికైంది.

అయితే యువత ఒంటరిగా నడిస్తే తూలిపడుతుంది కదా. ఆ బెంగతో పెద్దలు పదవులు వదిలిన మరుక్షణమే మెంటర్లుగా మారారు. అధ్యక్షులు ముఖ్య మెంటర్ అయ్యారు. ఎవరి కుర్చీలో వారే కూర్చున్నారు, ముందున్న పేరు పలకలు మాత్రం మారాయి. కోశాధికారి లింగస్వామి ఇంకో అడుగు ముందుకేశాడు.

"నేను రిటైరైనంక మొన్ననే కన్సల్టెన్సీ పెట్టిన. గా లెక్కన నాది గుడ ఎర్లీ కెరీరే గద" అన్నాడు. అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ కారణం దొరకలేదు. ఆయన సహ యువ సారథి అయ్యాడు.

వేదిక మీద జాస్మిన్‌కు కుర్చీ మిగల్లేదు. నాయకులు ఎప్పుడూ నిలబడే ఉండాలని సాంబమూర్తిగారు ఆమెకు తొలి పాఠం చెప్పారు.

ఆ వారమే జాస్మిన్ తన మొదటి ప్రతిపాదన పెట్టింది. "సార్, నా దగ్గర బోయా ఉన్నది. కాలేజీ పిల్లలను తీస్కొని ఒక్కరోజు సముద్రం కాడికి పోదాం. అలలు ఎట్ల కొలుస్తరో చూపిస్త."

"సముద్రమా?" సాంబమూర్తిగారు కుర్చీలో వెనక్కి వాలారు. "అంత దూరం ఎందుకు తల్లీ?"

"సముద్రం ఇంజనీర్లం కద సార్."

"అదే నేననేది. ఇంజనీర్లం. జాలర్లం కాదుగా. అందరం బీపీ మాత్రలు మింగేవాళ్లం, ఆ ఉప్పుగాలి మనకు పడుతుందా?"

"సరూర్‌నగర్ చెర్వు ఉన్నది గద బిడ్డా" అన్నాడు లింగస్వామి. "పొద్దుగాల పోతే బువ్వ యాళ్లకు ఇంట్ల ఉంటం."

"చెర్వుల అలలుండయి సార్."

"నువ్వు పాజిటివ్‌గా ఆలోచించడం నేర్చుకోవాలమ్మా" అన్నారు సాంబమూర్తిగారు. ఆ మాటతో తీర్మానం ఏకగ్రీవమైంది.

కార్యక్రమం దివ్యంగా జరిగింది. సాంబమూర్తిగారు బోయాకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చెరువులోకి వదిలారు. బోయా బుద్ధిగా తేలుతూ అలల ఎత్తు సున్నా అని చూపించింది. వచ్చిన ఒకే ఒక్క విలేకరి జేబులో పెన్ను పెట్టేసుకోబోయాడు. సాంబమూర్తిగారు కంగారుపడలేదు. సంక్షోభంలోనే కదా నాయకుడు బయటపడేది. సహ యువ సారథిని పెడల్ పడవ ఎక్కించి బోయా చుట్టూ తిరగమన్నారు. లింగస్వామి ఆయాసపడుతూ తొక్కాడు. కాసేపటికి అరచేయి మందాన ఒక అల లేచింది, పెద్దలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫొటో తీసే వేళకు బ్యానర్ కర్ర ఊడితే జాస్మిన్ వెనక నుంచి పట్టుకుంది.

మర్నాడు పేపర్లో "సాంబమూర్తి సారథ్యంలో అదుపులో అలలు" అని వార్త పడింది. బాలమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫొటో అంతా వెతికింది.

"నువ్వేడున్నవే?"

"బ్యానర్ ఎనక ఉన్ననమ్మా. గవి నా వేళ్లే."

"మంచిగనే పడ్డయి" అని బాలమ్మ ఆ పేపరు మడిచి దాచుకుంది.

జాస్మిన్ నిరాశపడలేదు. వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వస్తున్నది ఆ ఓడరేవు అధికారి గౌతమ్. ఆ ఉద్యోగం ఇవ్వవలసింది ఆయనే. ఆ రోజు యాంకరింగ్ బాధ్యతను యువతకే వదిలేశామని పెద్దలు చెప్పారు. ఏం మాట్లాడాలో రాసిన కాగితం కూడా వాళ్లే ఇచ్చారు. పొద్దుటి నుంచీ శాలువాలు నడిచాయి. పెద్దలు అతిథికి కప్పారు, అతిథి పెద్దలకు కప్పాడు, తరవాత పెద్దలు ఒకరికొకరు కప్పుకున్నారు. సాంకేతిక సదస్సు మొదలయ్యేసరికి బిర్యానీ మూతలు తీసిన వాసన వచ్చింది. భోజనానికి లేవబోతూ గౌతమ్ బల్ల మీదున్న బోయాను చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది బాగుందే. ఎవరు చేశారు?"

ఇలాంటి ప్రశ్నకు ఆ హాల్లో ఒకటే జవాబుంది. అందరి సహకారంతో, అధ్యక్షులవారి సారథ్యంలో అనాలి. కాగితంలోనూ అదే ఉంది. జాస్మిన్ మైకు దగ్గరికి తీసుకుంది. ఇప్పుడు నిజం చెప్పకపోతే చచ్చేదాకా సంపులే గీయాలి. కాగితం మడిచేసింది.

"నేనే చేసిన సార్. నేనొక్కదాన్నే."

అప్పటికే ప్లేటు అందుకున్న లింగస్వామి దాన్ని మళ్లీ కింద పెట్టేశాడు. పరిషత్తు పుట్టాక ఆ మైకులో ఎవరూ అలాంటి మాట అనలేదు. అప్పుడు సాంబమూర్తిగారు మెల్లగా లేచి, శాలువా కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"చూశారా సార్" అన్నారు గౌతమ్‌తో. "మొదటి రోజు ఈ పిల్ల వెనక వరసలో నోరు మెదపకుండా కూర్చుంది. ఇవాళ ఇంతమంది ముందు నిలబడి నేనే అంటోంది. ఆ మాట అనడం ఎవరి దగ్గర నేర్చుకుందో నేను చెప్పుకుంటే బాగుండదు."

చప్పట్లు మోగాయి. గౌతమ్ కదిలిపోయాడు. సాంబమూర్తిగారి రెండు చేతులూ పట్టుకుని, ఓడరేవులో యువ నాయకత్వ సలహాదారుగా వచ్చి చేరాలని అక్కడికక్కడే వేడుకున్నాడు. సాంబమూర్తిగారు వద్దు వద్దంటూనే తన బీపీ ఈమధ్య బాగానే ఉందని చెప్పారు.

"మరి అలలు కొలిచే పోస్టు సార్?" అంది జాస్మిన్. మైకు ఆపడం మరిచిపోవడంతో అందరికీ వినిపించింది.

"బడ్జెట్‌లో ఉన్నది ఒక్క పోస్టేనమ్మా" అన్నాడు గౌతమ్ ప్రేమగా. "మిమ్మల్ని తీసుకుంటే మీరొక్కరే వస్తారు. ఆయన్ని తీసుకుంటే మీలాంటివాళ్లు పదిమంది తయారవుతారు. మీరే ఆలోచించండి."

జాస్మిన్ ఆలోచించింది. లెక్కలో తప్పెక్కడుందో ఆమెకు తెలుస్తూనే ఉంది, అయినా మడిచిన కాగితాన్ని మళ్లీ విప్పింది. ఎవరో వెనక నుంచి గుర్తుచేస్తే, భోజనాలకు దయచేయాల్సిందిగా అతిథులను కోరింది.

సాంబమూర్తిగారు సముద్ర తీరానికి తరలివెళ్లారు. వెళ్తూ వెళ్తూ, పేరు పలక మారినా తన దగ్గరే ఉండిపోయిన అధ్యక్ష బాధ్యతలు కూడా యువతకే అప్పగించారు. తర్వాతి సమావేశానికి జాస్మిన్ తాత్కాలిక అధ్యక్షురాలి హోదాలో వచ్చింది. అధ్యక్ష పీఠంలో ఒక దిండు, దిండు మీద ఒక ఫోను ఉన్నాయి. సాంబమూర్తిగారు వీడియోలో అధ్యక్షత వహిస్తారనీ, ఫోను జారిపోకుండా పట్టుకుని నిలబడే అవకాశం తాత్కాలిక అధ్యక్షురాలికి దక్కిందనీ లింగస్వామి వివరించాడు.

ఫోనులో సాంబమూర్తిగారి ముఖం వెలిగింది. ఆయన భుజాల వెనక నీలంగా ఆ చివర నుంచి ఈ చివర దాకా సముద్రం. "యువతరమే మన భవిష్యత్తు" అని ఆయన మొదలుపెట్టారు. మాటల వెనక పెద్ద హోరు. ఒకటి విరిగేలోగా ఇంకొకటి లేస్తోంది. జాస్మిన్ తనకు తెలియకుండానే వాటి ఎత్తు అంచనా వేస్తూ ఫోనును ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

సభ్యులు కుర్చీల్లో ఇబ్బందిగా కదిలారు.

"ఏంది బిడ్డా గా లొల్లి?" అన్నాడు లింగస్వామి.

"సముద్రం సార్."

"పరేషాన్ చేస్తున్నది. జర బంద్ చెయ్యి."

"మ్యూట్ చేస్తే సార్ మాటలు గుడ ఇనరావు సార్."

"సార్ ఏం చెప్తడో మాకు ఎర్కే" అన్నాడు లింగస్వామి, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ. "చప్పట్లు కొట్టేకాడ మాత్రం జర సైగ చెయ్యి."

జాస్మిన్ బొటనవేలితో మ్యూట్ నొక్కింది.