చిలుము పట్టిన జాబితా

నరసరావుపేటలోని ఒక ప్రభుత్వ కార్యాలయం వారు 1985లో వచ్చిన కంప్యూటరును రెండేళ్లపాటు దుమ్ము నుంచి కాపాడిన తీరు అందరూ తెలుసుకోదగ్గది. యంత్రానికి దుమ్ము పడదని కంపెనీవారు చెప్పి వెళ్లారు. ఊడిస్తే దుమ్ము లేస్తుంది కనుక ఆ గదిని ఊడవరాదని సూపరింటెండెంటు పెదకోటయ్యగారు ఉత్తర్వు ఇచ్చారు. ఉత్తర్వు తు.చ. తప్పకుండా అమలైంది. యంత్రం కోసం గోడకు పెట్టిన ఏసీ దాని మీదే నీళ్లు కార్చేది. ఆ చల్లదనం వృథా పోకుండా పెదకోటయ్యగారు మధ్యాహ్నాలు స్వయంగా అక్కడ కునుకు తీసేవారు.

కంప్యూటరు మొదటి నెలలో ఒకే పని చేసింది. పేదల ఇళ్లస్థలాల జాబితాను కడుపులో దాచుకుంది. ఇక కాగితాలెందుకని వాటిని తగలబెట్టించారు. మరుసటి వారం యంత్రం వెలగడం మానేసింది.

శావల్యాపురంలో పత్తి ఏరే పున్నమ్మకు భర్త లేడు. ఇద్దరు ఆడపిల్లలతో బావగారి గొడ్లసావిట్లో ఉంటోంది. అది ఖాళీ చెయ్యమని బావ అప్పటికే రెండుసార్లు చెప్పాడు. ఆమె నెలనెలా బస్సెక్కి వచ్చి ఆఫీసు వరండాలో కూర్చునేది. పేరు లోపలే ఉందనీ, యంత్రం కోలుకోగానే కబురు చేస్తామనీ గుమాస్తాలు మర్యాదగానే చెప్పేవారు. జ్వరం మనిషిని పరామర్శించినట్టు, ఇవాళ దానికెట్టా ఉందని అడిగి ఆమె వెళ్లిపోయేది.

1987లో గుంటూరు నుంచి తనిఖీ రాబోతోందని తెలిసింది. బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే జిలానీని పిలిపించి, యంత్రాన్ని పైపైన తుడవాలనీ, ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పరాదనీ రాతపూర్వకంగా ఆదేశించారు. వరండాలో పున్నమ్మ అతన్ని ఆపింది.

"తమ్ముడా, నా పేరు దాంట్లోనే ఉందంట. తుడిచేటప్పుడు కాస్త చూడయ్యా."

జిలానీ నవ్వలేదు. తలుపు వేసుకుని మరలు విప్పాడు. లోపల వేలెడు మందాన దుమ్ము. మెత్తటి కుంచెతో దులిపాడు. ఏసీ నీటి చెమ్మకు లోపలి సర్క్యూట్ పలకల అంచుల మీద పట్టిన పచ్చటి చిలుమును పెన్సిలు రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, స్పిరిటు గుడ్డతో తుడిచి, ఆరేదాకా కూర్చున్నాడు. అన్నీ బిగించి స్విచ్చి వేస్తే తెర వెలిగింది. ఏ మీట తరువాత ఏది నొక్కాలో ఎవరో చీటీ రాసి యంత్రానికే అంటించి ఉన్నారు. ఆ వరసనే నొక్కితే జాబితా వచ్చింది. అతను పున్నమ్మను లోపలికి పిలిచాడు.

"అక్కా, పద్నాలుగో నెంబరు స్థలం నీదే."

తన పేరు ఏదో వేలుపెట్టి చూపించమంది. చూపించాడు. ఆమెకు చదువు రాదు. అయినా చాలాసేపు ఆ గీతల ముందు నుంచి కదల్లేదు.

కునుకు వేళకు వచ్చిన పెదకోటయ్యగారు ఆ వెలుగు చూసి దిగ్భ్రాంతి చెందారు. యంత్రం పనిచేస్తే రెండు వందల మందికి స్థలాలు చూపించాలి. తక్షణం సిబ్బందిని సమావేశపరిచి ప్రసంగించారు.

"విప్పే అనుమతి లేని వ్యక్తి శుభ్రం చేసిన యంత్రంలో కనబడే పేర్లను ఈ కార్యాలయం గుర్తించజాలదు. అర్హత గల నిపుణులు హైదరాబాదు నుంచి వచ్చి మళ్లీ శుభ్రం చేసేవరకు ఇది చెడిపోయినట్టే పరిగణించవలెను."

"ఏంది సారూ, నా కళ్లతో నేను చూసినాక కూడా లేదంటారా?" అంది పున్నమ్మ.

చూడటం వేరు, గుర్తించడం వేరని ఆయన ఓపిగ్గా వివరించారు. తనిఖీవారు రాకముందే యంత్రానికి సీలు పడింది. ప్రభుత్వ చిలుమును తొలగించినందుకు జిలానీని సంజాయిషీ అడిగారు. మురికిగా ఉంటే తుడిచానని రాసిచ్చాడు. అది సంతృప్తికరంగా లేదని అతన్ని మళ్లీ ఆ గడప తొక్కనివ్వలేదు.

పున్నమ్మ ఊరికి వెళ్లి, స్థలాలకు హద్దుగా పాతిన రాళ్లలో పద్నాలుగో నెంబరుది వెతికి, అక్కడే నాలుగు గుంజలు పాతి తాటాకు కప్పింది. రెండేళ్లలో ఒక్క కాగితం ఇవ్వలేని కార్యాలయం మూడు రోజుల్లో నోటీసు టైపు చేసి మనిషితో పంపింది. "పద్నాలుగో నెంబరు స్థలంలో నివసించుచున్న పున్నమ్మకు" అని మొదలై, ఆమె ఆక్రమణదారు అని ముగిసింది. ఆమె బస్టాండుకు తెచ్చి చూపిస్తే జిలానీ అది చదివి, పోగొట్టుకోవద్దని మరీ మరీ చెప్పాడు. దానిమీది గుండ్రటి ముద్ర చూసి రేషను కార్డు వాళ్లు మారు మాట్లాడకుండా కార్డు రాసిచ్చారు. ఆమెను ఖాళీ చేయించాలంటే జాబితాలో పేరు లేదని రుజువు చేయాలి. జాబితా సీలు కింద ఉంది.

ఇప్పుడు ఆ వరండాలో స్థలాలు అడిగేవారు లేరు. అందరూ నోటీసులే అడుగుతున్నారు. వాటికీ ఒక జాబితా తయారైంది. మొదటి ఇరవై పేర్లూ మేడలున్నవారివి. ఇది రాస్తున్న నాది ఇరవై ఒకటి. ఆ ఇరవైలో మీది ఎన్నోదో మీకు నేను చెప్పనక్కర్లేదు.