మర్యాదకు చిక్కిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున హెస్టర్ మంచం దిగకుండానే రోజంతటికీ ప్రణాళిక వేసేసింది. "సాయంత్రం ఆరింటికల్లా గిన్నెలు కడిగెయ్యాలి. ఆరున్నరకి చీజ్ టోస్టు. ఏడింటికి నువ్వు నోరు మూసుకోవాలి."

"అంతసేపు ఆగడం ఎందుకు, ఇప్పుడే మూసుకుంటా," అన్నాడు పియర్స్.

వాళ్ళ పెళ్ళయి ఏడు వారాలు. 'వెక్స్‌కోంబ్ బంగళా' సీరియల్ టీవీలో మొదలై కూడా ఏడు వారాలే. కప్పు కారే బంగళా, మోచేతుల దగ్గర చిరిగిన కోటుతో వెండి చెంచా వదలని దొరగారు, ఆయన్ని తిడుతూనే వండిపెట్టే వంటావిడ. నన్ను పెళ్ళాడతావా అని దొరగారు ఆవిడను అడుగుతారా లేదా అన్నది ఆ సాయంత్రం ఆఖరి భాగంలో తేలాలి. ఇంట్లో రికార్డు చేసుకునే రోజులు కావవి. తప్పితే తప్పినట్టే.

ఏడింటికి ఐదు నిమిషాలుందనగా ఎవరో తలుపు తట్టారు. కింది వాటాలో ఉండే పెట్టిఫర్‌గారు, చేతిలో తన తోటలో కాసిన చిక్కుడుకాయలు.

"మీకు ఇబ్బందేం లేదు కదమ్మా?"

"అయ్యో, అబ్బే! లోపలికి రండి!"

మా ఇంగ్లాండులో ఆ ప్రశ్నకు ఇంకో జవాబు ఎవరికీ నేర్పరు. మనిషి ఇంటికొస్తే టీవీ ఆపాలని మాత్రం అందరికీ నేర్పుతారు. హెస్టర్ ఆపేసింది, కళ్ళలో నీళ్ళు ఆపుకుంటూ.

పియర్స్ గట్టిగా ఆవలించాడు.

"పాపం, అలసిపోయావయ్యా. నువ్వు కూర్చో, టీ నేను పెడతాను," అని పెట్టిఫర్‌గారు వంటగదిలోకి వెళ్ళిపోయారు.

"వర్షం వచ్చేట్టుందండీ," అన్నాడు పియర్స్, ఆయన తిరిగి రాగానే.

"నిజమే. అయితే వెలిశాకే వెళ్తాను."

పక్క వాటా గోడలోంచి వెక్స్‌కోంబ్ పాట వినిపించింది. హెస్టర్ కాలు తాళం వేసింది. పెట్టిఫర్‌గారి కాలు కూడా వేసింది. ఇంతలో గోడవతల చప్పుడు టక్కున ఆగిపోయింది. ఇంకో కప్పు ఇవ్వకపోతే బాగోదని ఈవిడ పోసింది. వద్దంటే బాగోదని ఆయన తాగారు. మూడో కప్పుకు ఏడున్నర అయిపోయింది.

పెట్టిఫర్‌గారు గడియారం చూసి నిట్టూర్చారు. "అయిపోయుంటుంది. మంగళవారం మా టీవీ కాలిపోయిందమ్మా. మీ ఇంట్లో వెక్స్‌కోంబ్ చూద్దామనే వచ్చాను. నేను రాగానే టక్కున ఆపేశారు. మీకలాంటివి గిట్టవేమో అనుకున్నాను, ఇక ఎలా అడగను?"

హెస్టర్ నోరు తెరిచింది. పియర్స్ చిక్కుడుకాయల వంక చూశాడు.

అంతలో మళ్ళీ తలుపు చప్పుడు. పక్క వాటా బ్రాంప్టన్ అమ్మగారు, ఇంటి చెప్పులతోనే.

"క్షమించాలి, మా టీవీ గోల మీకు వినిపించినట్టుంది. మీ ఇంటికెవరో వచ్చారని తెలిసి, మీకు ఇబ్బందని మొదట్లోనే ఆపేశానులెండి. మీరంతా కలిసి చూసుంటారుగా, దొరగారు అడిగారా?"

ఎవరికీ తెలియదని తేలడానికి ఒక నిమిషం, ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకోవడానికి ఇంకో అరగంట పట్టింది.