నాలుగు కొత్తిమీర కట్టలు

ఆ ఉదయం నాలుగు కొత్తిమీర కట్టలను పది గంటలకల్లా ఆఫీసుకు చేర్చాలనుకున్నాడు విత్తన పరిశోధకుడు. నాలుగు రకాలను వానాకాలం, చలికాలం, ఎండాకాలం పండించి, ఏ రకం ఆకు ఎప్పుడు బాగుంటుందో పోల్చడం ఆయన పని. ఇది ఆఖరి కోత. ఈరోజు తేలిన రకమే రైతులకు వెళ్తుంది. రెండేళ్ళ కింద ఆఫీసు ఫ్రిజ్ పాడైనప్పటినుంచీ కోసిన కట్టలు ఆయన ఇంటి ఫ్రిజ్‌లోనే ఉంటున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారంతో.

వంటింట్లోకి వెళ్ళేసరికి నాలుగూ ఒకే కట్టయి గాజు గ్లాసులో నవనవలాడుతున్నాయి. మట్టిగా ఉంటే కడిగానని, దారాలు మాసిపోతే పారేశానని అత్తగారు చెప్పారు.

ఏది ఏ రకమో వాసనతో పోల్చుకుందామని ఆయన నేలమీద చతికిలబడి, ఒక్కో రెమ్మనూ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మొదటి రెమ్మతో వానాకాలపు మడి వచ్చింది. చినుకుల కింద ఆకులు బద్ధకంగా ఊగుతున్నాయి. రెండో రెమ్మకు పొగమంచు కమ్ముకుంది. అందులో వెడల్పాటి ఆకులు పడవల్లా తేలిపోతున్నాయి, వాటి వెనకే ఆయనా తేలిపోయాడు. ఎవరో పిలుస్తున్నారు. ఆ పిలుపు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుంది.

పిలిచింది భార్య. మూడుసార్లు పిలిచినా పలక్కపోయేసరికి ఆమె హడలిపోయి పక్కింటి డాక్టరును తీసుకొచ్చింది. డాక్టరు నాడి చూస్తుండగా పైఅధికారి ఫోన్ చేశాడు. మనిషి కొత్తిమీర వాసన చూసి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడని ఆమె చెప్పింది. ఆకులో ఏ విషమో చేరిందనుకున్న అధికారి, ఆఫీసు తోటలో మిగిలిన మడులన్నీ పీకించేసి మరీ కారులో వచ్చాడు.

పరిశోధకుడు కళ్ళు తెరిస్తే చుట్టూ నాలుగు మొహాలు. మడులు లేవని తెలిసింది. రెండేళ్ళ పనిలో మిగిలింది ఆ గ్లాసులోదే.

"దీనికింత గొడవెందుకు బాబూ, ఇలా ఇవ్వండి," అన్నారు అత్తగారు. రెమ్మ తుంచి వాసన చూస్తూ నాలుగు కుప్పలు పెట్టారు. "ఇది చలికాలంలో ఎంత వెడల్పుండేదో, ఎండకి ముడుచుకుపోయింది. ఇది వానల్లో వట్టి నీళ్ళు. ఇదేమో అప్పుడే పూతకొచ్చేస్తోంది. ఈ నాలుగోది మాత్రం ఏ కాలంలోనైనా ఒకటే ఘుమఘుమ."

పరిశోధకుడు నోటుపుస్తకం తీసి కాడల పొడవులు, రంగులు సరిచూశాడు. నాలుగు కుప్పలూ సరిపోయాయి. అధికారి అక్కడే నాలుగో రకానికి సంతకం పెట్టేశాడు.

"మీకెలా తెలుసు అత్తయ్యా?" అని అడిగాడు అల్లుడు, కాస్త నెమ్మదిగా.

"ప్రతి కోతలోనూ కట్టకింత చొప్పున తీసి కూరలో వేస్తూనే ఉన్నాను కదా."

ఫ్రిజ్‌లో ఆకు బరువు ఎందుకు తగ్గుతుందో వివరిస్తూ పై ఆఫీసుకు పంపిన పన్నెండు పేజీల వ్యాసాన్ని పరిశోధకుడు ఆ మధ్యాహ్నమే వెనక్కి తెప్పించుకున్నాడు.