మాష్టారు వేసిన కేక

కుసుమకుమారి పోయిన రోజున ఆ పొలాల మీద ఒక కేక కూడా పోయింది. బాళగనూరుకు అవతల, తుంగభద్ర ఉపకాలువ చివరన, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతులు కట్టుకున్న ఊరు, క్యాంపు అంటారు, వాళ్లది. వరి పాలు పోసుకునే రోజుల్లో ఆమె గట్టు మీద నిలబడి కేకేస్తే మూడు పొలాల అవతల వాలిన పిట్టలు కూడా లేచిపోయేవి. ఆమె భర్త శివరామకృష్ణయ్య ముప్పై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పి కూడా ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. పిల్లలు అల్లరి చేస్తే తను మాట్లాడడం ఆపేసేవారు. ఆమె పోయిన అయిదు నెలలకు మళ్లీ వరి పాలు పోసుకుంది. ఆయన గట్టు మీద నిలబడి రేకు డబ్బా మోగించారు. రెండు రోజుల్లో పిట్టలు ఆ డబ్బాకు అలవాటు పడిపోయాయి.

పిట్టలు తోలడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒక పొలంలో లేచిన మంద పక్క పొలంలోనే వాలుతుంది. అందుకని ఒకరు కేకేస్తే తక్కినవాళ్లు వెంటనే అందుకోవాలి. నోట్లో ముద్ద ఉన్నా, చంకలో బిడ్డ ఉన్నా సరే. ఆ కేక విని ఊరుకున్నవాడు తన పంటను పిట్టలకు వడ్డించినట్టే.

ఆ మంగళవారం మాష్టారు అనుకున్న పని చిన్నదే. ఎండెక్కేదాకా పిట్టలు తోలి, స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పది గంటలకు కొత్త వంతెన శంకుస్థాపనకు వచ్చే ఎమ్మెల్యే అమరేశప్ప చేతికి ఒక అర్జీ ఇవ్వడం. వారంలోగా కాలువ నీళ్లు ఒక్క తడికి రాకపోతే చివరి నాలుగు వందల ఎకరాల వరి తాలుగా మారుతుంది. అర్జీలో ఆ మాటే ఉంది.

"మూడేళ్ల నుంచీ అర్జీలే ఇస్తన్నాం మాష్టారూ," అన్నాడు ముందురోజు సాయంత్రం లోకనాథ్. ఆయన దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు కాలువ అవతల పన్నెండెకరాల రైతు. "ఈసారి ఆయన నోరు విప్పగానే అందరం ఓ అని గోల పెడదాం. అప్పుడు దిగొస్తాడు."

"ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మధ్యలో అరవకూడదు లోకనాథ్."

"ఓట్లేసినోళ్లం. ఆ మాత్రం అరవకూడదా?"

"ఓటేసినవాడు అడగాలి. లేచి నిలబడి అడుగు. అరిస్తే గోల ఒక్కటే మిగులుతుంది, మనం అడిగింది మిగలదు."

"వినేవాడినైతే అడుగుతామండీ. చెవులు మూసుక్కూర్చున్నవాడిని ఏం చెయ్యమంటారు?"

మాష్టారు జవాబుకు బదులు, సభలో ఎవరూ నోరెత్తమని అక్కడున్న రైతులందరిచేత మాట తీసుకున్నారు. సగంమంది ఆయన శిష్యులు, కాదనలేకపోయారు. "మీ మొహం చూసి ఒప్పుకుంటన్నా," అన్నాడు లోకనాథ్.

పది గంటలకు రావలసిన ఎమ్మెల్యే ఎనిమిదికే వచ్చేశారు. ముదగల్‌లో పెళ్లి ముహూర్తం ఉందట. నాయకుడు ముందుగా రావడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. మైకు సెట్టు ఇంకా దారిలోనే ఉంది. దొరికినవాళ్లను దొరికినట్టు తెచ్చి కాలువ అవతలి టెంట్‌లో కూర్చోబెట్టారు. మాష్టారికి చెప్పడానికి ఒకరు ఆయన ఇంటికి పరిగెత్తారు. ఇంటికి తాళం వేసి ఉంది.

మాష్టారు కాలువకు ఇవతల, ఎత్తైన గట్టు కింద పల్లంలో ఉన్నారు. మైకు లేదు కనుక అవతలి సభ ఆయనకు వినపడలేదు, గట్టు అడ్డం కనుక కనపడలేదు. వందల పిట్టలు వచ్చి చేని నడుమ వాలాయి. ఆయన డబ్బా మోగించారు. అవి తలెత్తి చూసి మళ్లీ వెన్నుల మీద పడ్డాయి.

"గిట్ల కొడితే పిట్టలు నవ్వుతయి అయ్యా," అంది కూలికొచ్చిన హనుమవ్వ. "అమ్మ ఉంటే గింతసేపు తిననిస్తుండెనా?"

మాష్టారు డబ్బా కింద పెట్టారు. నోరు తెరిచారు. కొంచెంగా అదిలిద్దామనే అనుకున్నారు. వచ్చింది వేరు. "ఓ... హో... హోయ్!" అంటూ లోపలి నుంచి పెళ్లగించుకుని వచ్చి, ఊపిరి అయిపోయేదాకా ఆగలేదు. మంద మొత్తం ఒక్కసారి లేచి కాలువ గట్టు దాటింది. ఆయన తన గొంతు పట్టుకుని నిలబడిపోయారు.

హనుమవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అమ్మ కేకనే అయ్యా."

అవతల అప్పుడే అమరేశప్ప గొంతు చించుకుని చెబుతున్నారు. "మేమొచ్చినంక కాల్వ చివరి ఎకరంకు గూడ నీళ్లు అందినయి!"

సరిగ్గా అక్కడ కేక వినపడింది. మంద టెంట్ మీదుగా వేదిక వెనక ఉన్న పొలాల వైపు పోతోంది. అరవైమంది ఒక్కసారిగా లేచి, వేదిక వైపు చేతులు విసురుతూ "ఓ హోయ్!" అని విరుచుకుపడ్డారు. తువాళ్లు గిరగిర తిప్పారు. ప్లాస్టిక్ కుర్చీలు టపటప బాదారు. లోకనాథ్ ఒక్కడే రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాడు. పిట్టలు వెళ్లి వాలింది అతని చేలోనే.

అమరేశప్ప నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అంగరక్షకుడు గొడుగు విప్పి అడ్డం పెట్టాడు. కార్యక్రమమంతా ఫోన్‌లో ప్రత్యక్షంగా చూపిస్తున్న సహాయకుడు ప్రాణేశ్ ఆ కంగారులో ఫోన్ ఆపడం మరిచిపోయాడు. మాష్టారు రొప్పుతూ గట్టెక్కేసరికి కార్ల దుమ్మే మిగిలింది.

"ఏమిటిది? ఏమైంది?"

"మీరు మొదలెట్టాక మేం ఊరుకుంటామా మాష్టారూ!"

విషయం తెలిశాక మాష్టారు గట్టు మీదే కూలబడ్డారు. మధ్యాహ్నానికి నాలుగు క్యాంపులవాళ్లు ఆ వీడియో చూసి మెచ్చుకుంటూ ఫోన్ చేశారు. యరగేర నుంచి ఎవరో శాలువా కప్పుతామన్నారు. "నేను తోలింది పిట్టల్ని," అని చెబితే, "అర్థమైంది మాష్టారూ, పోలీసులడిగితే మేమూ అదే చెబుతాం," అని ధైర్యం చెప్పారు.

క్షమాపణ చెప్పుకుంటే గానీ లాభం లేదని ఆయన ఎమ్మెల్యే ఉండే సింధనూరుకు ఆటో ఎక్కారు. ఒంటరిగా వెళితే లోపలేస్తారని క్యాంపువాళ్లు రెండు ట్రాక్టర్లలో వెనకే బయలుదేరారు. ఊరేగింపు అనుకుని దారిలో మరికొన్ని కలిశాయి. ఎమ్మెల్యే ఇంటి ముందు మాష్టారు ఆటో దిగి వెనక్కి చూస్తే పదకొండు ట్రాక్టర్లున్నాయి.

అమరేశప్ప చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు. "ఏంది మేష్ట్రే, పొద్దుగాల చేసింది సాలలేదా? ఇంటి ముంగటికి గూడ వస్తిరా?"

"క్షమించమని అడగడానికి వచ్చానండీ. ఆ కేక మీ మీద వేసింది కాదు. గింజలు తినిపోయే పిట్టల మీద వేసింది."

అమరేశప్ప ముఖం ఇంకా పాలిపోయింది. "అనుండ్రి. ఇరవై ఏండ్లల నన్ను శానామంది తిట్టినరు. గింత మర్యాదగ ఎవ్వరు తిట్టలే." ఆయన వెంటనే ఫోన్ తీశారు. "ఇంజినీర్ సాబ్, పై తూములు బంద్ చేయుండ్రి. సాయంత్రంకల్లా చివరికి నీళ్లు పోవాలె. కారణం తర్వాత చెప్త."

మాష్టారు మళ్లీ ఏదో చెప్పబోయారు. లోకనాథ్ ఆయన మోచేయి గట్టిగా పట్టుకున్నాడు. "ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకూడదండీ."

నీళ్లు వచ్చాయి. ఆరు రోజులు పారాయి. మాష్టారు గట్టు మీద నిలబడి ఆ నీళ్లు చూశారు గానీ, ఆ ఆరు రోజులూ సరిగ్గా నిద్రపోలేదు.

"చూశారా? అరిస్తేనే వచ్చాయి," అన్నాడు లోకనాథ్.

"మనం ఆయన మీద అరవలేదు కదా."

"నీళ్లు వచ్చాయి కదా?"

మాష్టారు ఇంటికి వెళ్లి కాగితం, కలం తీశారు. జరిగింది జరిగినట్టు అమరేశప్పకు రెండు పేజీల ఉత్తరం రాసి, పోస్టు చేసే ముందు లోకనాథ్‌కు చూపించారు. లోకనాథ్ శ్రద్ధగా చదివాడు. ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదన్నాడు. తేదీ మాత్రం కోతలయ్యాక వేయమన్నాడు.

కోతలు ఏప్రిల్ చివరికి అయిపోయాయి. ఉత్తరం మీద తేదీ వేయడం మిగిలి ఉంది.