బ్రేకు మాస్టారి ఫారిన్ ప్రయాణం

రండి రండి, దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు కట్టిపెట్టండి. తలుపు దగ్గర నిలబడ్డాయన లోపలికన్నా రావాలి, బయటికన్నా పోవాలి. నేను చెప్పేది అక్షరాలా జరిగింది. నా కళ్ళతో చూడలేదు గానీ, చూసినవాళ్ళకంటే నాకే బాగా తెలుసు.

ఒక ఊళ్ళో డ్రైవింగు నేర్పే మాస్టారు ఉండేవాడు. అందరూ బ్రేకు మాస్టారు అనేవాళ్ళు. నేర్పే కారులో మాస్టారు కూర్చునే పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, ఈయన కాలు ఎప్పుడూ దాని మీదే. ఇంట్లోనూ అంతే. భార్య గొంతు పెంచితే చాలు, కుర్చీలో కూర్చునే నేలకేసి కాలు గట్టిగా నొక్కేవాడు. ఆవిడ ఆగేది కాదనుకోండి. కుర్చీ ముందున్న గచ్చు మాత్రం గుంటపడింది.

ఆవిడ అక్క పరాయి దేశంలో ఉంటుంది. "ఈ సెలవులకైనా అక్క దగ్గరికి వెళ్దామండీ" అని ఆవిడ ఏటా అడగడం, "శిష్యుల పాఠాలు అవ్వలేదే" అని ఈయన ఏటా ఆపెయ్యడం. అడగ్గా అడగ్గా ఈసారి టికెట్లు కొన్నాడు. కానీ విమానం ఎక్కే రోజు పొద్దున్నే, ఆయన దగ్గర నేర్చుకుంటున్న టైలరమ్మకి లైసెన్సు పరీక్ష పడింది. శిష్యురాల్ని మధ్యలో వదిలేస్తే ఎలా? పైగా ఫారిన్ ప్రయాణానికని ఆయన వేసుకున్న కోటు, పాఠాల ఫీజు కింద కుట్టిపెట్టింది ఆ టైలరమ్మే.

"సామాన్లు కారులో పెట్టేసి నువ్వూ వెనక కూర్చోవే. పరీక్ష అవ్వగానే అట్నుంచటే ఎయిర్‌పోర్టుకి పోదాం" అన్నాడు మాస్టారు.

"ఆవిడ ఏదైనా గుద్దితే?"

"నా శిష్యులు ఇన్నేళ్ళలో చీమనైనా గుద్దారా?"

నిజమే, గుద్దలేదు. ఎందుకు గుద్దలేదో ఆ పొద్దున్నే తెలిసింది.

పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు వచ్చి కారులోకి తొంగిచూశాడు. "వెనక ఈవిడెవరు?"

"మా ఆవిడ సార్. దింపితే సూట్‌కేసులు కూడా దించాలి."

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి మాస్టారి సీట్లో కూర్చున్నాడు. మాస్టారు వెనక్కి వెళ్ళి, ఒళ్ళో ఒక సూట్‌కేసు పెట్టుకుని భార్య పక్కన సర్దుకున్నాడు.

టైలరమ్మ బండి పోనిచ్చింది చూడండీ, అంచు కుట్టినట్టు తిన్నగా! మలుపు వస్తే కాలరు తిప్పినంత నున్నగా తిప్పింది. ఇన్‌స్పెక్టరు మురిసిపోయి, "చాలమ్మా, ఆ గోడ దగ్గర ఆపండి" అన్నాడు.

గోడ వచ్చింది. గోడ వెళ్ళిపోయింది.

"ఆపండమ్మా!"

"నేను ఎప్పుడో రెడీ సార్, మీరు ఆపండి!"

"నేనేంటి ఆపేది?"

"అదేంటి సార్! రోజూ పక్కసీటాయనే కదా ఆపేది. నాది తిప్పే పని."

వెనక మాస్టారు సీటు కింద కాలు టపటపా నొక్కుతున్నాడు. అక్కడ ఏముంటుంది, నా తలకాయ? "నొక్కండి, నొక్కండి! ఇంట్లో గచ్చు గుంటపెట్టారుగా!" అని భార్య. కారు పరీక్ష మైదానం గేటు దాటింది, పూలకుండీల మధ్యనుంచి దూరింది, ఒకరింటి ముందు దండెం తెంపుకుపోయింది. ఆరేసిన దుప్పటి వచ్చి అద్దం మీద పడి మొత్తం చీకటైపోయింది.

"రోడ్డు కనిపిస్తోందా అమ్మా?" ఇన్‌స్పెక్టరు సీటుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"లేదు సార్. దుప్పటి కనిపిస్తోంది. అంచు బొత్తిగా వదులుగా కుట్టారు."

అప్పటికి ఇన్‌స్పెక్టరు పాదానికి ఏదో తగిలింది. రెండు కాళ్ళతో దాని మీద లేచి నిలబడ్డాడు. కారు ఆగింది. దుప్పటి జారింది. ఎదురుగా కాలవ.

"ఫెయిల్!" అన్నాడు, ఊపిరి తీసుకుని. "మాస్టారూ, ఈవిడకి బ్రేకు ఎందుకు నేర్పలేదు?"

మాస్టారు ఒళ్ళో సూట్‌కేసు సర్దుకున్నాడు. "అవసరం పడలేదు సార్. నేను పక్కనే ఉన్నాను కదా."

"అవతల విమానం వెళ్ళిపోతోంది!" అని భార్య కేకపెట్టింది. మాస్టారు తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎన్నేళ్ళయిందో ఆ సీట్లో కూర్చుని! కాలికి ఒక్క పనే గుర్తుంది. కారు జానెడు కదలడం, ఆగడం. మళ్ళీ జానెడు కదలడం, ఆగడం.

"ఇలా వెళ్తే మనం చేరేసరికి మా అక్క మనవలకి మనవలు పుడతారు. లేవండి! టైలరమ్మా, నువ్వు తిప్పు. ఏవండీ, మీరు పక్కన కూర్చుని తొక్కండి."

"నేనిక్కడ దిగిపోతాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దిగడానికి టైం లేదు సార్, వెనక్కి రండి. ఈ సూట్‌కేసు పట్టుకోండి."

ఆవిడ తిప్పడం, ఈయన తొక్కడం. ఇద్దరూ కలిసి ఒక్క డ్రైవరు. గ్లాసులో నీళ్ళు తొణక్కుండా ఎయిర్‌పోర్టు చేరారు.

గుమ్మం ముందు గార్డు ఈల వేశాడు. "ఇక్కడ బండి పెట్టకూడదు! తియ్యాలి, తియ్యాలి!"

మాస్టారు ఒక కాలు కింద పెట్టాడో లేదో, టైలరమ్మ ఆయన కోటు పట్టుకుంది. "మాస్టారూ, మీరు పోతే నన్నెవరు ఆపుతారు?"

అందరూ ఇన్‌స్పెక్టరు వైపు చూశారు. ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "నేను పరీక్షలు పెడతాను గానీ, నాకు బండి రాదు."

"ఇందాక తొక్కారుగా!"

"తొక్కింది నేను కాదమ్మా, నా భయం. రమ్మంటే మళ్ళీ రాదు. నేను బస్సులో పోతాను."

గార్డు మళ్ళీ ఈల. మాస్టారు దిక్కులు చూశాడు. "ఏమోయ్, పాఠం ఇంకా అవ్వలేదే..." అన్నాడు, కాలు నేలకేసి నొక్కుతూ.

ఆవిడ ఆ కాలు వంక ఒకసారి చూసింది. తన సూట్‌కేసు తీసుకుంది. "నిదానంగా నేర్పి, తరవాతి విమానంలో రండి. అక్కకి నేను చెప్తాలెండి."

"ఏమని?"

"మా ఆయన ఎప్పట్లాగే ఆపాడు, ఈసారి నేను ఆగలేదు అని."

గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. ఫారిన్ కోటు వేసుకున్న మాస్టారు మళ్ళీ వచ్చి పక్కసీట్లోనే కూర్చున్నాడు.

ఇదంతా చూస్తున్న సామాన్ల కూలీ కిటికీ దగ్గరికొచ్చి ధైర్యం చెప్పాడు. "దిగులు పడకండి సార్. అమ్మగారు క్షేమంగా చేరతారు. విమానంలో కూడా ముందు ఇద్దరే కూర్చుంటారంట. వాళ్ళూ మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళే అయ్యుంటారు!"